దిబ్బవీధి నీళ్ళు

1

గోడా, వింటున్నావా? ఎర్రదీపం వెలిగింది కాబట్టి వింటున్నట్టే.

నా పేరు వకుళ. మా ఇల్లు ఆకాశంలో తిరిగే ఈ చక్రంలో దిబ్బవీధి. ఇక్కడ దిబ్బా లేదు గుట్టా లేదు. మా ముత్తాతలు భూమ్మీద వదిలొచ్చిన ఊళ్ళో ఏదో దిబ్బ ఉండేదట, పేరు మాత్రం మూట కట్టుకొచ్చారు. మరమ్మతు విభాగంలో ఉద్యోగానికి పరీక్ష రాస్తున్నాను. కోచింగ్ చెప్పే కూర్మారావు సారు ఇవాళ్టి నుంచి అందర్నీ రోజూ గోడకి లాగ్ చెప్పమన్నారు. రిపేరు మనిషి డ్యూటీ దిగాక ఆ రోజు చూసిందంతా చెప్పాలట, ఉద్యోగంలో సగం అదేనట. "చూసింది చెప్పండి, అనుకున్నది చెప్పకండి" అన్నారు. చూశాక అనుకోకుండా ఎలా ఉంటాం సారూ అని అడిగాను. "వకుళా, నువ్వు రెండుసార్లు తప్పింది ఇందుకే" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరి ముందూ ఏడిస్తే బాగోదు కదా.

అవును, రెండుసార్లు తప్పాను. మూడోసారి కూడా తప్పితే రాయి మీదికి పంపేస్తారు. రాయి అంటే మా చక్రానికి ఇనుమూ నీళ్ళూ వచ్చే చోటు. కిటికీలోంచి చూస్తే కాల్చిన వంకాయలా కనబడుతుంది. అక్కడ తవ్వకం పని, నాలుగేళ్ళు. బరువుండదు, మనిషి గాల్లో తేలుతూ ఉంటాడు, వినడానికి సరదాగానే ఉంటుంది. తిరిగొచ్చినవాళ్ళు మాత్రం నాలుగు మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటారు. పైగా నాలుగేళ్ళూ నేనక్కడ, భానోజీ ఇక్కడ. భానోజీ నా మొగుడు, తోటల్లో పని చేస్తాడు. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు.

నేను రాయికి వెళ్ళను. ఇది చూసింది కాదు, అనుకున్నదే. అయినా ఉంచుకో గోడా.

2

ఇవాళ మోడల్ పేపరు. నాలుగో బిట్టు దగ్గర నాకు ఎప్పటిలాగే తప్పు పడింది.

"రెండు మీటర్ల ఎత్తు నుంచి ఇనుప గుండు వదిలితే ఎక్కడ పడుతుంది?" నేను 'కొంచెం వెనక్కి' అని పెట్టాను. కీలో 'తిన్నగా కిందికి' అని ఉంది. అదేంటి సారూ, ఇక్కడ ఏదీ తిన్నగా పడదు కదా అన్నాను. నిజం చెప్పాలంటే చక్రంలో పుట్టిన చంటిపిల్లకి కూడా తెలుసు ఈ సంగతి. చక్రం తిరుగుతోంది కాబట్టే మాకు బరువుంది, తిరుగుతోంది కాబట్టే వదిలిన వస్తువు కిందికి చేరేలోపు నేల కాస్త ముందుకి జరిగిపోతుంది. అందుకే టీ ఎత్తి పోసేటప్పుడు గ్లాసు వెనక్కి పెట్టుకుంటాం. భూమి నుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు టీ పోస్తే సగం బల్లకే.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పేపరు తయారయ్యేది భూమ్మీద. కీ వచ్చేది భూమ్మీద నుంచి. నీకు ఉద్యోగం కావాలా, నిజం కావాలా?"

"రెండూ కావాలి సారూ."

"రెండూ ఇచ్చే కోచింగు సెంటరు ఇంకా పెట్టలేదమ్మా. కూర్చో" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, వందమందిని ఉద్యోగాల్లో కూర్చోబెట్టారు, ఒక్క ప్రశ్నకీ జవాబు ఎందుకో చెప్పకుండా.

ఇంటికొచ్చి నేనే చూశాను. దారానికి గరిటె కట్టి దూలానికి వేలాడదీశాను. అది తిన్నగా ఒక పలక మీదికి చూపించింది. పక్కనే అదే ఎత్తు నుంచి ఇంకో గరిటె వదిలాను. జానెడు వెనక పడింది. మళ్ళీ వదిలాను. మళ్ళీ జానెడు. వేలాడేది ఒక చోటు చూపిస్తుంది, పడేది ఇంకో చోట పడుతుంది, రెండూ నిజమే. ఎంత బాగుందో. ఇది భూమ్మీదవాళ్ళకి చూపించాలి అనిపించింది.

"ఏటే కోడలా, ఆ గరిటెలేం పాపం చేశాయి?" అంది అత్తమ్మ.

అత్తమ్మ పేరు మంగతాయారు. ఆవిడ నీళ్ళు పడుతోంది. ఆ సంగతి చెప్పాలి. పొద్దున్న వీధి దీపాలు వెలగ్గానే అత్తమ్మ మొట్టమొదటి పని నీళ్ళు పట్టడం. రెండు డ్రమ్ములు, ఐదు బిందెలు, బకెట్లు, ఆఖర్న చెంబులు, గ్లాసులు కూడా. ఇంతా చేసి చక్రంలో కుళాయి ఎప్పుడూ ఆగదు. ఎప్పుడు విప్పితే అప్పుడు నీళ్ళు. అత్తమ్మ ఇక్కడే పుట్టింది, కుళాయి ఆగడం ఆవిడ జన్మలో చూడలేదు. ఆవిడ తల్లీ చూడలేదు. ఆ తల్లి తల్లి ఊళ్ళో మాత్రం రోజుకి ఒక గంటే వచ్చేదట, కొన్నాళ్ళు అదీ లేదట. "కుళాయిని నమ్ముకుని కాపరం చెయ్యకూడదు" అని ముగ్గురు ఆడవాళ్ళు దాటించుకుంటూ వచ్చిన మాట. మా ఇల్లే కాదు, దిబ్బవీధి మొత్తం ఇంతే, ఇదివరకు బిందెలే, ఈమధ్య డ్రమ్ములు కూడా చేరాయి. వేరే వీధులవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వారు, మా వాళ్ళు పట్టడం మానరు.

నిండిన బిందెలో ఇవాళ సన్నగా వలయాలు లేచాయి. ఎవరూ ముట్టుకోలేదు. కాసేపాగి మళ్ళీ లేచాయి.

3

వలయాలు రోజూ వస్తున్నాయి. ఇవాళ కిటికీ దగ్గర గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. చక్రం తిరుగుతుంటే కిటికీలో రాయి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపుకి పోతుంది, ఒక చుట్టుకి ఒకసారి. రాయి కిటికీ మధ్యకి వచ్చినప్పుడల్లా గ్లాసులో నీళ్ళు వణికాయి. ప్రతిసారీ, సరిగ్గా మధ్యకి వచ్చినప్పుడే. మొదట భలే భయమేసింది, రాయి నన్ను పిలుస్తోందేమో అని. తరవాత నవ్వొచ్చింది. రాయికి అంత తీరిక లేదు.

భానోజీకి చూపించాను. "తోటలో కూడా అంతే, ఒక చుట్టుకొకసారి కొత్తిమీర ఊగుతోంది, గాలి లేకుండా" అన్నాడు. పాపం, వాడు మొక్కలకి ఏదో తెగులనుకున్నాడు.

4

ఇవాళ గోడల్లోంచి ప్రకటన వచ్చింది. చక్రానికి వణుకు పట్టిందని వాళ్ళూ ఒప్పుకున్నారు. చెప్పింది హేమలతా పాత్రో గారు. మరమ్మతు విభాగానికి పెద్ద ఆవిడే, మా పరీక్ష పెట్టేదీ ఆవిడే. గొంతు కరుకు, మాట తక్కువ. నడిమధ్యన ఓడలు ఆగే ఇరుసు ఉంది కదా, అది తిరగదు. దాని చుట్టూ చక్రం తిరుగుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న బేరింగు అరుగుతోందట. బేరింగు పూర్తిగా పాడైతే చక్రాన్ని ఆపాలి. ఆపితే బరువు పోతుంది, తోటలు పోతాయి, అందరం తేలుతూ ఉండాలి. కారణం వెతుకుతున్నామని, గొట్టాలు తనిఖీ చేస్తామని, అందుకని ఒక పూట నీళ్ళు ఆగినా ఆగవచ్చని చెప్పారు.

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది.

ప్రకటన ముగియకముందే వీధిలో బిందెల చప్పుడు మొదలైంది. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. మూడు తరాలుగా ఎదురుచూసిన రోజు వచ్చింది మరి. "నే చెప్పలేదా? అందరూ నవ్వారు. ఇప్పుడు నవ్వమను" అంది. భానోజీని పట్టుకుని తోటల్లో ఎరువు ఖాళీ చేసిన డ్రమ్ములు ఇంకో మూడు తెప్పించింది. పక్కింటివాళ్ళు నాలుగు తెచ్చుకున్నారు. సాయంత్రానికి ఒక్క డ్రమ్ము దొరకలేదు, కొందరు పిల్లల స్నానాల తొట్టి కూడా నింపేశారు.

నీళ్ళు ఆగలేదు. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

5

వణుకు పెరిగింది. అలమార తలుపులు వాటంతట అవి తెరుచుకుంటున్నాయి. కంచంలో పచ్చడి ఒక అంచుకి చేరుతోంది. అసలు బాధ నా చేతులది. పరీక్షలో రాతపేపరు కాక చేతిపని కూడా ఉంటుంది. ఒక కడ్డీని చట్రంలో బిగించి, దాని మీద రసమట్టం పెడితే బుడగ నడిమి గీతల మధ్య నిలబడాలి. ఇంట్లో సాధన చేస్తుంటే బుడగ నిలవదు. సరిచేసేలోపు చక్రం వణుకుతుంది, బుడగ పారిపోతుంది.

రెండు గంటలు కూర్చుని, స్పానరు నేలకేసి కొట్టాను. అది జానెడు వెనక పడింది, చూసుకోక కాలు అక్కడే పెట్టాను.

అత్తమ్మ వచ్చి నా కాలికి పసుపు రాసింది. "ఈ వణుకుంటే నాకు ఉద్యోగం రాదు అత్తమ్మా" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆపుకోలేదు. అత్తమ్మ నన్ను ఆనుకుని చాలాసేపు కూర్చుంది.

6

గోడా, ఇవాళ చెప్పేది జాగ్రత్తగా విను.

క్లాసులో బిట్లు చదువుతున్నాం. సారు ప్రశ్న చెబితే అందరం ఒక్క గొంతుతో అక్షరం చెప్పాలి, ఎక్కం అప్పజెప్పినట్టు. "తిరిగే చక్రం వణుకుటకు ముఖ్య కారణం. ఎ, అతివేగం. బి, ఒకవైపు అధిక బరువు. సి, నూనె లోపం. డి, పైవేవీ కావు." అందరం "బి" అని అరిచాం. సారు "తరవాతది" అన్నారు.

నాకు మాత్రం తరవాతది వినబడలేదు. ఇంటికొచ్చే దారి పొడుగునా బి, బి అనుకుంటూ వచ్చాను. ఇంట్లో బట్టల మిషను తిరుగుతోంది, దుప్పటి ఒక వైపు ఉండ కట్టుకున్నట్టుంది, మిషను దడదడలాడుతూ గుమ్మం దాకా నడిచొచ్చింది. ఆ మిషను పక్క నుంచే అత్తమ్మ ఇంకో డ్రమ్ము దొర్లించుకొస్తోంది.

నేను గుమ్మంలో నిలబడిపోయాను. వీధి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను. ప్రతి ఇంట్లో డ్రమ్ములు, ప్రతి వసారాలో తొట్లు. దిబ్బవీధి మొత్తం చక్రానికి ఒక్కవైపే ఉంది. దుప్పటి ఉండ మేమే.

చక్రానికి తూకం తొట్లున్నాయి. నేల కింద చుట్టూతా ఉంటాయి, ఒకవైపు బరువెక్కితే పంపులు అవతలివైపు తొట్లలోకి నీళ్ళు తోస్తాయి. అది సిలబస్‌లోనే ఉంది. కానీ పంపులు నిదానస్తులు, చక్రం సగం దాటించడానికి ఒక రోజు పైన పడుతుంది. మా వాళ్ళు గంటలో నింపేస్తారు. పైగా ఇళ్ళల్లో డ్రమ్ముల సంగతి ఏ లెక్కలోనూ లేదు, వేరే వీధుల్లో ఎవరూ పట్టరు కదా. పాత్రో గారి మనుషులు నేల కింద పగులు వెతుకుతున్నారు.

భోజనాలయ్యాక అత్తమ్మకి చెప్పాను. "ఈ వణుకు మన నీళ్ళ వల్లే అత్తమ్మా."

"నీళ్ళేటి చేశాయి? మేం దొంగిలించామా?"

"దొంగతనం కాదు. బరువు. మిషనులో దుప్పటి చూశావు కదా."

ఆవిడ మిషను వంక చూసింది, డ్రమ్ముల వంక చూసింది. అత్తమ్మకి చదువు తక్కువ కాదు, పట్టుదల ఎక్కువ. కాసేపటికి "అయితే నా కోడలి చెయ్యి వణికించేది నేనేనా?" అంది.

ఎవరికీ చెప్పకు, పరీక్ష అవగానే పాత్రో గారికి నేనే చెబుతాను అన్నాను. ఇప్పుడే చెబితే వీధి మీద చాడీ చెప్పి ఉద్యోగం కొట్టేసిందంటారు. ఇది భయమే, ఇంకో పేరు పెట్టను. సరేనంది. అత్తమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు.

7

పరీక్ష అయింది. అయిందనాలో ఆగిందనాలో తెలీదు.

హాలు చక్రానికి ఇంకో పక్కన ఉంది. పొద్దున్న రాతపేపరు. గుండు బిట్టు వచ్చింది. 'తిన్నగా' అని పెట్టాను, పెడుతుంటే చెయ్యి సిగ్గుపడింది. మధ్యాహ్నం చేతిపని. అందరికీ తలా ఒక చట్రం, ఒక కడ్డీ, రసమట్టం. పాత్రో గారు బల్లల మధ్య తిరుగుతున్నారు. పొడుగాటి మనిషి, మాట్లాడకుండా చూస్తారు. కూర్మారావు సారు బయట గాజు తలుపు అవతల నిలబడి పెదాలు కదుపుతున్నారు, మా తరఫున బిట్లు చదువుతున్నారేమో.

నేను కడ్డీ బిగించాను. బుడగ వణికింది, ఆగింది. రాయి కిటికీలో మధ్యకి వచ్చి వెళ్ళింది. బుడగ దాదాపు కదల్లేదు. ఇదేంటి, వణుకు తగ్గింది అనుకున్నాను. తరవాతి చుట్టుకి ఇంకా తగ్గింది. నాకు సంతోషం. బుడగ సరిగ్గా నడిమధ్య కూర్చుంది.

ఆ తరవాతి చుట్టుకి బుడగ అవతలి వైపుకి జరిగింది.

ఇన్నాళ్ళూ వెళ్ళిన వైపు కాదు, అవతలి వైపు. ఇంకో చుట్టుకి ఇంకా దూరం. బల్ల మీద స్క్రూలు దొర్లాయి. అప్పుడు అర్థమైంది. అత్తమ్మ చెప్పేసింది. వీధంతా నీళ్ళు పారబోస్తోంది. నా చెయ్యి వణక్కూడదని సరిగ్గా పరీక్ష వేళకి పారబోస్తోంది. కానీ ఇన్నాళ్ళూ పంపులు మా బరువుకి సాటిగా అవతలి తొట్లు నింపి పెట్టాయి. ఇప్పుడు మా వైపు ఖాళీ అయిపోతే అవతల దానంతట అదే బరువు. పైగా మురుగునీళ్ళు శుభ్రం చేసే చోటు కూడా అవతలే. పారబోసిన ప్రతి బిందే అక్కడికే చేరుతోంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

హాలు ఒక్కసారి కుదిపింది. నా పక్కనున్న కుర్రదాని చట్రం బల్ల మీంచి పడింది. ఎక్కడో దూరంగా, ఇరుసు వైపు నుంచి, ఇనుము ఇనుముని రాసుకున్న మూలుగు వినబడింది. అలాంటి చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు.

లేచి పాత్రో గారి దగ్గరికి వెళ్ళాను. "మేడమ్, మా వీధి డ్రమ్ములు ఖాళీ చేస్తోంది. ఆపాలి. మళ్ళీ నింపాలి. నేను చెబితేనే వింటారు."

"ఏ డ్రమ్ములు?"

"చెప్పడానికి టైం లేదు మేడమ్."

ఆవిడ నన్ను చూశారు. "హాలు దాటితే మీ పేపరు రద్దవుతుంది. మీకిది మూడోసారి అనుకుంటా."

"తెలుసు మేడమ్" అన్నాను. భానోజీ ముఖం గుర్తొచ్చింది, కాల్చిన వంకాయ గుర్తొచ్చింది. అయినా నడిచాను. తలుపు దగ్గర కూర్మారావు సారు "ఎక్కడికమ్మా" అంటుంటే ఆయన్ని దాటుకుని పరిగెత్తాను.

వీధిలోకి వచ్చేసరికి కాలవలన్నీ గలగలమంటున్నాయి. అత్తమ్మ నడివీధిలో చీర కుచ్చిళ్ళు దోపుకుని నిలబడి "కానీండి, కానీండి, మా కోడలు బుడగ పెట్టే వేళయింది" అని అందర్నీ తరుముతోంది.

"ఆపండి. పట్టండి. మళ్ళీ పట్టండి" అన్నాను, ఊపిరి అందలేదు.

అందరూ ఆగి నన్ను చూశారు. అత్తమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "పారబొయ్యమంటావా, పట్టమంటావా? ఒక మాట మీద నిలబడవే."

"పట్టమంటున్నాను అత్తమ్మా. ఉన్న కుళాయిలన్నీ విప్పండి. చక్రం ఒరిగిపోతోంది."

అప్పుడు చూడాలి దిబ్బవీధిని. పారబొయ్యమంటే బాధపడుతూ పారబోసిన మనుషులు, పట్టమనేసరికి ఎక్కడలేని సత్తువ తెచ్చుకున్నారు. ఒక కుళాయికి నలుగురు, బిందె నిండేలోపు ఇంకో బిందె కింద పెట్టేస్తున్నారు, చుక్క కింద పడనివ్వడం లేదు. మూడు తరాల చేతి నేర్పు. మగవాళ్ళు డ్రమ్ములు నిలబెట్టారు. అత్తమ్మ ఎవరి బిందె ముందో ఎవరిది వెనకో ఒక్క చూపుతో తేల్చేస్తోంది, ఎవరికీ గొడవ లేదు. నేను గడప మీద గ్లాసు పెట్టుకుని కూర్చుని చూస్తున్నాను. ఒక చుట్టుకి వలయం పెద్దది. ఇంకో చుట్టుకి కాస్త చిన్నది. ఇంకా చిన్నది. ఆగమన్నాను. అందరూ అక్కడికక్కడే ఆగారు.

ఇనుము మూలుగు ఆగింది.

అప్పుడు అత్తమ్మకి గుర్తొచ్చింది. "నీ పరీక్ష?" అంది. నేను చెప్పకముందే తెలిసిపోయింది, నేల మీద చతికిలపడింది.

8

మూడు రోజులు అత్తమ్మ నాతో మాట్లాడలేదు. కోపం కాదు, తల ఎత్తలేక. కూర నా కంచంలోనే ఎక్కువ పడేది. భానోజీ నా సంచీ ఒకటి దించి, దుమ్ము దులిపి, మళ్ళీ పైన పెట్టేశాడు. రాయికి ఏం పట్టుకెళ్ళాలో ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇవాళ కబురొచ్చింది. హాలు కుదిపింది కాబట్టి పేపర్లు అందరివీ రద్దట. భూమి నుంచి ఇంకో పేపరు రావడానికి చాలా నెలలు పడుతుంది. అందుకని పాత్రో గారు ఒక్కొక్కర్నీ పిలిచి నోటిమాటతో పరీక్ష పెడుతున్నారు. నేను బయటికి నడిచానన్న సంగతి దేనికీ అడ్డు కాదట, రద్దయిన పరీక్షలోంచి నడిస్తే నడిచినట్టే కాదని సారు ఎక్కడో నిబంధన పట్టుకొచ్చారు. బిట్లు చెప్పే నోటితో నిబంధనలు కూడా చెబుతారని నాకు తెలీదు. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. "ఈసారైనా అడిగినదానికి జవాబు చెప్పు, ఎదురు ప్రశ్న వెయ్యకు" అన్నారు.

9

నోటి పరీక్ష. గదిలో పాత్రో గారూ నేనూ, మధ్యలో బల్ల. ఒక్కటే ప్రశ్న.

"ఆ రోజు ఏం జరిగింది?"

"మా వీధివాళ్ళు డ్రమ్ముల్లో నీళ్ళు ఒక్కసారి పారబోశారు మేడమ్."

"ఎవరు చెప్పారు పారబొయ్యమని? నేను వీధంతా అడిగించాను. ప్రతి ఇంటివాళ్ళూ మాకే బుద్ధి పుట్టిందన్నారు."

తిలా పాపం తలా పిడికెడు పంచుకున్నారు మావాళ్ళు. నన్ను కాదు, అత్తమ్మని కాచుకున్నారు. నేను కూడా తెలీదంటే అక్కడితో అయిపోతుంది. పాత్రో గారు వేళ్ళతో బల్ల మీద చిన్నగా తాళం వేస్తున్నారు. తప్పు ఎవరిదో తెలీకపోతే ఇంకోసారి కూడా ఇలాగే అవుతుంది అని నాకు అనిపించింది.

"మా అత్తమ్మ చెప్పింది. ఆవిడకి నేను చెప్పాను. సగం చెప్పాను."

"మిగతా సగం?"

"అప్పటికి నాకూ తెలీదు మేడమ్. బరువు తీసేస్తే చాలనుకున్నాను. అవతలివైపు పంపులు నింపి పెట్టిన సాటి బరువు గురించి ఆలోచించలేదు. బుడగ అవతలికి పోయాక తెలిసింది."

"మావాళ్ళు ఇన్నాళ్ళుగా నేల కింద పగులు వెతుకుతున్నారు. కారణం మీకు తెలిసిన రోజే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది. వీధి నన్ను వెలేస్తుందని. పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాను."

"అది తప్పు."

"తప్పే మేడమ్."

ఆవిడ బల్ల మీద తాళం ఆపారు. "ఆ నీళ్ళు ఇప్పుడెలా తీస్తారు?"

ఇది మాత్రం నేను రోజూ ఆలోచిస్తున్నదే. రోజుకి కొన్ని ఇళ్ళు, వీధి రెండు కొసల నుంచీ ఒక్కొక్కటి. పారబోసినంతా అవతలి నుంచి పంపులు వెనక్కి తెచ్చేదాకా ఆగాలి. ఆగింది చాలిందా లేదా అన్నది గ్లాసులో చూసుకోవాలి. ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు. తెలీదన్నాను, తొందరపడితే మళ్ళీ మొదటికొస్తుందని మాత్రం తెలుసన్నాను. చేతులు తిప్పుతూ ఇంకా ఏదేదో చెప్పాను. ఎదురు ప్రశ్నలు కూడా వేశాను, మురుగునీళ్ళు రెండు చోట్ల ఎందుకు శుభ్రం చెయ్యకూడదని. సారు వింటే గుండె పట్టుకునేవారు.

పాత్రో గారు లేచారు. "సోమవారం నుంచి రండి. మొదటి పని దిబ్బవీధి. మీవాళ్ళ చేత మీరే తీయించాలి" అన్నారు.

బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. సంతోషమే, అయినా ఏడుపే వచ్చింది.

10

దిబ్బవీధిలో డ్రమ్ములన్నీ ఖాళీ అయ్యాయి, ఒక్కటి తప్ప. గ్లాసులో వలయాలు లేవు. కొత్తిమీర ఊగడం లేదని భానోజీ చెప్పాడు. ఇన్నాళ్ళూ ప్రతి ఇంటికీ వెళ్ళి, కూర్చుని, టీ తాగి, బతిమాలి పారబోయించాను. ఒక్కొక్కరూ ఒక్కొక్క బిందెనీ చంటిపిల్లని దించినట్టు దించారు. అత్తమ్మ కూడా నా వెంట తిరిగింది, అందరికీ నచ్చజెప్పింది, అరిచింది. మిగిలిన ఒక్క డ్రమ్మూ ఆవిడదే.

ఇవాళ సాయంత్రం యూనిఫారంలోనే దాని పక్కన నిలబడ్డాను.

"ఈ ఒక్కటీ ఉంటే చక్రం పడిపోద్దేటి?" అంది.

"పడిపోదు. నిజం చెప్పాలంటే ఏమీ కాదు."

"మరేటి?"

"ప్రతి ఇల్లూ ఈ మాటే అంటుంది అత్తమ్మా."

ఆవిడ డ్రమ్ము అంచు పట్టుకుంది. వంచలేదు. ఆ చేతులు చూశాను. అవి రోజూ బిందెలు మోసిన చేతులు, ఎప్పుడూ వణకనివి. ఇప్పుడు వణుకుతున్నాయి, చక్రం వణక్కపోయినా. ఇన్నాళ్ళూ అత్తమ్మది అలవాటనుకున్నాను, చాదస్తమనుకున్నాను. అది భయం. కుళాయి ఆగిన ఊరు ఆవిడ చూడలేదు, ఆ భయాన్ని మాత్రం ఎవరో ఆవిడ చేతికి ఇచ్చి వెళ్ళారు.

"రేపు రాకపోతే?" అంది.

"వస్తాయి."

"ఎవులు చెప్పారు?"

"నేనే చెబుతున్నాను. రేపు పంపుల దగ్గర డ్యూటీ నాది."

అత్తమ్మ నా వంక చూసింది. "నీకు నిద్రొస్తే?"

"నా తరవాత పైడిరాజు ఉంటాడు."

"ఎవులబ్బాయి?" అంది. చెప్పాను. వాళ్ళమ్మ పేరు కూడా చెప్పమంది. చెప్పాను. వాడి తరవాత ఎవరంది. ఆ పిల్ల పేరూ, వాళ్ళింటి గుర్తూ చెప్పాను. అలా పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ నా పేరు దాకా వచ్చాం.

అప్పుడు డ్రమ్ము వంచింది. సగం అయ్యేదాకా వంచి నిలబెట్టేసింది. "మిగతాది నువ్వు డ్యూటీ దిగొచ్చాక" అంది.

సరేనన్నాను. రేపు పొద్దున్న ఆవిడ కుళాయి విప్పేటప్పుడు నేను ఇంట్లో ఉండను. నీళ్ళు వస్తే నా పేరు తలుచుకోదు, రాకపోతే తలుచుకుంటుంది. పరీక్షంటే ఎప్పుడూ ఇంత భయం వెయ్యలేదు నాకు.

పడుకుంటాను గోడా, దీపాలు వెలిగేలోపే పంపుల దగ్గర ఉండాలి.